ఆలుచిప్ప

సంసారము సాగరమని పెద్దలు చెప్పుదురు. దానిని ఈదవలెననియు చెప్పుదురు. పురాణమునకు పోయినను, పెండ్లిలో అప్పగింతలవేళ కూర్చున్నను ఈ మాట మన చెవిని పడకపోదు. ఇంతకు ఈ మాటను మొదట చెప్పిన మహానుభావుడు సముద్రమును చూచెనో లేదో, చూచినను అందు దిగెనో లేదో మాకు తెలియదు. సంసారము మాత్రము ఆయన చేసియుండడనియే మా అనుమానము. చేసినవారికి ఉపమానములు చెప్పుచు కూర్చుండు తీరిక యెక్కడిది? ఇంతలో పొయ్యిమీది పాలు పొంగిపోవును.

మేము ముప్పదియారేండ్లుగా సంసారము చేయుచున్నాము. సముద్రము మా యింటికి నలువది కిలోమీటర్ల లోపుననే యున్నను, దానిని మొన్న మొన్నటివరకు చూచి యెరుగము. ఈ రెంటిని ఒక్క దినమున ప్రక్కప్రక్కన నిలుపుకొని చూచు భాగ్యము 2024 నవంబరు 15వ తేదీ, కార్తికపున్నమినాడు, వాడరేవులో మాకు కలిగినది. ఆ సంగతి సోదరీమణులతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది పర్చూరు ప్రాంతపు నల్లరేగడి పల్లె. ప్రత్తి, మిరప మా ఇలవేల్పులు. ఏడాదికి పండ్రెండు నెలలని పంచాంగములో వ్రాయుదురు గాని, మా యింట రెండే కాలములు: పైరు చేనిలోనున్న కాలము, సరకు కల్లములోనున్న కాలము. తొలకరికి ప్రత్తిగింజలు పెట్టవలెను. శ్రావణభాద్రపదములలో మిరపనారు నాటవలెను. కార్తికమునకు ప్రత్తి పగులును. తీతకు కూలీలను వెదకికొనవలెను. పుష్యమాఘములలో మిరప పండును. కోసి, కల్లములో ఆరబోసి, తాలుకాయలు ఏరి, టిక్కీలకెత్తి, గుంటూరు యార్డుకు తోలవలెను. ఇంతలో ఎండలు ముదురును; అప్పులవారు వత్తురు; మరల తొలకరి మేఘము కనబడును.

మా అత్తగారు 1961లో, పదునారేండ్ల ప్రాయమున, ఈ యింట అడుగుపెట్టిరి. ఆమెకు వాడరేవులో సముద్రము చూపించెదనని మా మామగారు ప్రతియేడును చెప్పుచుండెడివారట. అయితే సముద్రమును పర్వదినమునగాని ముట్టరాదని పెద్దల మాట యొకటి యున్నది గదా! కార్తికపున్నమి పర్వదినమే, అప్పుడు ప్రత్తితీత. మాఘపున్నమి పర్వదినమే, అప్పుడు మిరపకోత. ఒకయేడు అధికమాసము వచ్చినదట. “ఈ ఏడు ఒక నెల ఎక్కువే వచ్చింది గదా, అందులో పోదామా?” అని అత్తగారు అడిగిరట. “అధికమాసంలో కొత్తపనులు పెట్టుకోకూడదు” అని మామగారు సెలవిచ్చిరట. కలిసివచ్చిన ఆ నెలయు ఆ విధముగా గడచిపోయినది.

మామగారు ఇవి తప్పించుకొనుటకు చెప్పిన మాటలు గావు. 1980 దాటిన తరువాత తెల్లదోమ పడి ఈ సీమ ప్రత్తిచేలు నల్లబారిపోయిన యేండ్లను మేమును ఎరుగుదుము. మందు కొట్టినకొద్ది దోమ హెచ్చినదేగాని తగ్గలేదు. మందుల అప్పు మాత్రము దోమతో పోటీపడి పెరిగినది. మిరప బాగుగ కాచిన యేట ధర లేదు. ధర యున్న యేట కాయ లేదు. “ఈ పంట చేతికి రానీ” అను మాట ఆయన నోట మంత్రమువలె నిలిచిపోయినది. 2011లో ఆయన పోయిరి. ఆ యేడు పంట చేతికి వచ్చినది.

ఇక అసలు సంగతికి వత్తుము.

మా వంటయింటి గట్టుపై ఒక పాత ఉప్పుజాడి కలదు. అందులో అరచేతి గుంటంత ఆలుచిప్ప యొకటి యుండెడిది. ఆల్చిప్ప యని మనము వాడుకలో అనుచుండునది అదియే. పూర్వము ఆలుచిప్ప లేని వంటయిల్లు అరుదు. పాలదాక అడుగున అంటిన గోకుడు తీయుటకు అదియే. నడుమ చిల్లి పడునట్లు అరగదీసి మామిడికాయ చెక్కు తీయుటకు అదియే. మా యింటి చిప్పకు మాత్రము ఉప్పు తీయుటయొక్కటే పని. అంచులు అరిగి, వెలుపల గీతలు చెరిగి, అది చూచుటకేమియు బాగుండెడిది కాదు.

1988లో మేము కాపురమునకు వచ్చినప్పుడు బి.ఏ. పట్టాయు, డజను స్టీలు చెంచాలును వెంట తెచ్చుకొంటిమి. పట్టా పెట్టె అడుగున చేరినది. చెంచాలకైనను పని కల్పింతమని, వచ్చిన నెలలోపుననే ఒక చెంచాను ఉప్పుజాడిలో వేసి, ఆ ముసలిచిప్పను పెరటిలో బూడిదకుండ ప్రక్కన పడవేసితిమి. పరిశుభ్రత గూర్చి పుస్తకములలో చదువుకొన్నవారము గదా!

అత్తగారు కూర వండుచు జాడిలో చేయి పెట్టిరి. చెంచా తగిలినది. ఆమె దానిని పైకితీసి, తేలును చూచినట్లు చూచి, “చిప్ప ఏదమ్మాయ్?” అని అడిగిరి. చెప్పితిమి. మారుమాటాడక పెరటిలోనికి పోయి, చిప్పను వెదకి తెచ్చి, మూడు నీళ్లు కడిగి, కొంగుతో తుడిచి, మరల జాడిలో వేసిరి. “చెంచాతో కొలత తెలియదు” అని మాత్రము అనిరి. అటుపిమ్మట మూడు దినములు మాతో మాటలు లేవు.

మాకును రోషము వచ్చినది. అరిగిపోయిన చిప్పకొరకు కోడలితో మాటలు మానుదురా? ఇది కోడలిని అణచుటకు పన్నిన పన్నుగడ యని మేమును, మా ప్రక్కింటి స్నేహితురాలును కలిసి తీర్మానించితిమి. మావారు ఆ మూడు దినములును చేనిలోనే యుండిరి. అంతటి వ్యవసాయశ్రద్ధ ఆయనయందు అంతకు ముందుగాని, ఆ తరువాతగాని మేము చూడలేదు. మామగారు మాత్రము మూడవనాటి రాత్రి అన్నము తినుచు, కంచమునుండి తలయెత్తి, అత్తగారివంక ఒకమారు చూచి, మీసముల చాటున నవ్వి, “కూరలో ఉప్పు సరిపోయిందిలే” అనిరి. అత్తగారు తల తిప్పుకొనిరి. ఆ నవ్వేమో, ఆ తల తిప్పుకొనుటయేమో మాకు తెలియలేదు. తగవు తీర్చుటకు పెద్దాయన అన్న మాట యనుకొంటిమి.

నాటినుండి ఈ చిప్ప కథ మా యింట పెద్ద హాస్యమైనది. పండుగకు ఆడపడుచులు వచ్చినను, పురిటికి మా అమ్మాయి వచ్చినను, “అత్తగారి వజ్రపుచిప్ప” కథ చెప్పి నవ్వించుచుండెడివారము. అత్తగారును కూర్చుండి వినుచుండెడివారు. ఒక్కనాడును కాదనలేదు.

ఇట్టి తగవులు మన ఇండ్లకు కొత్తవి గావు. మన సీమవారే వీనిని సాహిత్యమునకెక్కించిరి. 1898లో తెనాలికి చేరువనున్న సంగం జాగర్లమూడిలో పుట్టిన మునిమాణిక్యం నరసింహారావుగారు, బడిపంతులుగా పనిచేయుచు, కాంతమను ఇల్లాలిని తెలుగువారి ఇంటింటికి చుట్టమును చేసిరి. ఆ కథలలో యుద్ధములు లేవు, రాజ్యములు లేవు. ఆలుమగల కీచులాట, దాని చాటున దాగిన మమత, అంతియే. ఒంగోలుకు చేరువ దొడ్డవరములో 1925లో పుట్టిన భానుమతీ రామకృష్ణగారు, సినిమాలలో నటించి, పాడి, 1953లో చండీరాణి చిత్రమునకు దర్శకత్వము కూడ వహించి, అంత పనిలోను తీరిక చేసికొని “అత్తగారి కథలు” వ్రాసిరి. వెండితెరపై సూర్యకాంతముగారి గయ్యాళితనమును చూచి అత్తయనగా జడిసిన లోకమునకు, చాదస్తమును అమాయకత్వమును కలబోసిన అత్తగారిని ఆమె చూపిరి. ఇరువురును కారము పండు సీమలోనివారే. నాలుక మండిన వెనుక నవ్వు వచ్చుట ఈ నేల గుణము కాబోలును.

అయితే మాకును వారికిని ఒక భేదము కలదు. వారు నవ్వించుచునే నవ్వు వెనుకనున్న మనస్సును చూపిరి. మేము నవ్వి ఊరకుంటిమి.

2024 దసరా సెలవులకు హైదరాబాదునుండి మా మనుమరాలు వచ్చినది. తొమ్మిదేండ్ల పిల్ల. వంటయింటిలో ఎగిరెగిరి ఉప్పుజాడిని క్రిందికి లాగినది. జాడి దొర్లినదేగాని పగులలేదు. చిప్ప మాత్రము రెండు ముక్కలైనది. పిల్ల బెదరిపోయి తాతమ్మ మొగము చూచినది. ఆమె పిల్లనేమియు అనలేదు. నేలమీది ఉప్పునంతయు తామే ఎత్తి, ఆ రెండు ముక్కలను అరచేతిలో అతికినట్లు పెట్టుకొని కొంతసేపు చూచి, కొంగున ముడివేసికొనిరి. ఆ రాత్రి ఆకలి లేదని అన్నము తినలేదు.

మరునాటి ఉదయము మావారిని పిలిచి, “అబ్బాయ్, వాడరేవు ఎంత దూరంరా?” అని అడిగిరి.

“ఎంతోలేదమ్మా, గంట ప్రయాణం. ఈ పత్తితీత కానీ, పోదాం” అని మావారనిరి.

ఆమె గోడమీది మామగారి పటమువంక చూచి, ఏమియు అనక లోనికి పోయిరి. అదే మాట! తండ్రిగారి చేనితోబాటు ఈ మాటయు ఆయనకు వారసత్వముగా వచ్చినది గాబోలు. మాకెందుకో గుండె కలుక్కుమన్నది. “ఈ ఏడు పత్తి ఒకరోజు ఆగుతుంది లెండి. కార్తికపున్నమికి అత్తయ్యను తీసుకుపోదాం” అని గట్టిగ చెప్పితిమి. ఎనుబదియేండ్లకు చేరువైన మనిషి. పుణ్యస్నానమునకు మనసుపడినదని మేమనుకొంటిమి. పున్నమి శుక్రవారమగుటచే శని ఆదివారములు కలిసివచ్చి మనుమరాలును మరల వచ్చినది. అందరము తెల్లవారకముందే కారులో బయలుదేరితిమి.

చీరాల చేరుసరికి వెలుగు వచ్చినది. పట్టణము దాటుచు మావారు మనుమరాలికి చీరాల పేరాల కథ చెప్పసాగిరి. 1919లో ఈ రెండూళ్లను కలిపి పురపాలక సంఘము చేయగా, పన్నుల భారము మేము మోయలేమని ప్రజలు ఎదురు తిరిగిరి. పన్ను కట్టక చెరసాలకు పోయినవారిలో రావూరి అలివేలమ్మగారు అను ఇల్లాలు కూడ నుండెను. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై పదమూడువేలకు పైగా జనము ఊరు విడిచి, పొలిమేర కావల పాకలు వేసికొని, రామనగరమని పేరు పెట్టుకొని, సుమారు పదకొండు నెలలు అక్కడనే కాపురములు చేసిరి.

చరిత్రలో ఇంతవరకు వ్రాసిరి. మాకు మాత్రము ఆ యిల్లాండ్రు కండ్లకు కట్టిరి. ఊరు విడువుమని నాయకుడు ఒక్క మాట చెప్పును. దాక యేది, తిరుగలి యేది, ఊరగాయజాడి యెవరి నెత్తిన, బాలింత యే బండిలో అని చూచుకొనవలసినది ఆడువారు. “మీరయితే ముందు ఏం పట్టుకుపోయేవారత్తయ్యా?” అని అడిగితిమి.

అత్తగారు ఆలోచింపనైనను లేదు. “ఉప్పూ, పసుపూ. ఏ యింటికైనా ముందు అవేగా పోయేది” అనిరి. ఒక క్షణమాగి, “ఉప్పుజాడీ” అని మరల అనిరి. మేము నవ్వితిమి.

చీరాలనుండి వాడరేవు ఆరేడు కిలోమీటర్లు. ఓడరేవే వాడరేవైనదని చెప్పుదురు. చిత్రమైన ఊరు. మొదట గుంటూరు జిల్లాలో నుండెను. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడగా అందు చేరెను. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టగా ప్రకాశము జిల్లాదయ్యెను. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి బాపట్ల జిల్లాది. ఆడుదానికి ఇంటిపేరు మారుట ఒక్కసారియే. ఈ యూరికి ఇన్నిమారులు మారినది. అయినను పుట్టినచోటు కదలలేదు. మన ఆడవారికి ఇల్లు కూడ మారును గనుక కష్టము మనదే అధికమని మేమనగా, మావారు వినబడనట్లు దీపస్తంభమును మనుమరాలికి చూపసాగిరి.

పున్నమి గనుక జనము తిరునాళ్లవలె నున్నారు. తడిచీరలతో పసుపు కుంకుమలు సముద్రమున కర్పించువారు, అరటిదొప్పలలో దీపములు విడుచువారు, పిల్లలను కేకలువేయు తల్లులు. వారికి దూరముగా ఇసుకమీదికి లాగిన పడవలు, ఆరవేసిన వలలు. అత్తగారు చెప్పులు విడిచి, ఇసుకలో నాలుగడుగులు నడిచి, నిలువబడిపోయిరి. ఆమె ఏమందురోయని మేమందరము ఎదురుచూచితిమి. అరువదిమూడేండ్లు ఎదురుచూచిన సముద్రము గదా!

“ఇంత నీరు పెట్టుకొని మన చేలకు చుక్క ఇవ్వదేందిరా?” అనిరి.

రైతుయింటి ఆడది వేరేమనును?

ఒడ్డున గంప ముందు పెట్టుకొని కూర్చున్న పల్లెకారు ఆడమనిషి యొకతె ఆ మాట విని నవ్వినది. ఇరువురకును క్షణములో స్నేహము కలిసినది. పంటల ధరలు, చేపల ధరలు, కోడండ్ర సంగతులు నడిచినవి. నడుమ అత్తగారు, “సంసారం సాగరం, ఈదాలి అంటారు గదా. మీరు రోజూ దీని పక్కనే ఉన్నారు. ఎట్లా ఈదుతారమ్మా?” అని అడిగిరి.

“సముద్రాన్ని ఈదేదెవరు మామ్మా! ఈదబోతే మునిగేదే. మావోళ్లు పడవ మీద పోతారు. ఒక్కరే పోరు, నలుగురు కలిసి పోతారు. వాళ్లొచ్చిందాకా మేం ఒడ్డున చూస్తా ఉంటాం. అంతే” అని ఆమె జవాబు.

2004 డిసెంబరు 26వ తేదీ సునామీ అల ఈ తీరమునకు కూడ వచ్చినది. నాడు ఒడ్డున నిలిచి చూచినవారిలో ఆమె యొకతె. ఆమె మాటకు ఎదురాడుటకు మా బి.ఏ. పట్టా చాలలేదు. ఉపమానము చెప్పిన మహానుభావుడును ఈమెనొకమారు అడిగియుండిన బాగుండెడిది.

పిమ్మట మేమును మావారును స్నానమునకు దిగితిమి. మావారు మోకాటిలోతున నిలిచి, ఆటుపోటులు చంద్రునివలన కలుగుననియు, పున్నమికి అమావాస్యకు పోటు హెచ్చుననియు మాకు ఉపన్యసించుచుండిరి. ఉపన్యాసము చంద్రునివద్ద నుండగనే పోటు వచ్చినది. ఆయన కాలు తప్పి, మా చేయి గట్టిగ పట్టుకొనిరి. 1988లో పురోహితుడు చెప్పగా ఒకమారు పట్టుకొనిరి; 2024లో సముద్రము చెప్పగా రెండవమారు. నలుగురిలో మావారు మా చేయి పట్టుటకు నడుమ వేరొక సందర్భము కలిగినట్లు మాకు జ్ఞాపకము లేదు. అల వెనుకకు పోయినది. చేయి మాత్రము ఆయన వెంటనే విడువలేదు. జారుననియే అనిరి.

తడిబట్టలతో గట్టుకు వచ్చిచూడగా అత్తగారు కూర్చున్నచోట లేరు. గుండె గుభిల్లుమన్నది. నలుప్రక్కల చూచితిమి. కొంతదూరమున, అల వచ్చి తాకిపోవు తడియిసుకమీద, నడుము వంచి, ఆమె ఏదో యేరుచున్నారు. ఒకటి తీసి చూచి పారవేయుదురు. మరియొకటి తీసి చూచి పారవేయుదురు. మనుమరాలు వెంట నడచుచు రంగురంగుల గవ్వలను అందించుచున్నది. ఆమె వానిని పిల్ల చేతికే తిరిగి ఇచ్చుచున్నారు.

“ఏం వెతుకుతున్నారత్తయ్యా?”

“ఉప్పులోకి చిప్ప కావద్దూ?”

“అందుకోసమా ఇంతదూరం వచ్చింది?”

ఆమె నడుము నిలుపుకొని, కొంగుముడి విప్పి, ఆ రెండు ముక్కలను చేతిలోనికి తీసికొనిరి. మొగము సముద్రమువైపే యుంచి, ఊరివారి సంగతి చెప్పినట్లు, మెల్లగ చెప్పిరి. 1964లో సంక్రాంతి వెళ్లిన తరువాత మామగారు ప్రత్తి బోరెములు బండిమీద చీరాలకు తోలిరట. సరకు దింపిన పిదప బండ్లవారందరును కలిసి రాత్రివేళ వాడరేవు వచ్చిరట. వెన్నెలలో సముద్రమును చూచి ఆయన మతిపోయినదట.

“నాకూ చూపించాలని తోచింది ఆయనకు. సముద్రాన్ని బండికెత్తుకు రాలేడు గదా! ఈ చిప్ప తెచ్చాడు. ‘ఇది దాచుకో, పంట చేతికి రాగానే నిన్నే తీసుకుపోతా’ అన్నాడు. అత్తామామలూ, ఇద్దరు మరుదులూ, ఆడబిడ్డా ఉన్న ఇల్లు. మొగుడు చిప్ప తెచ్చిచ్చాడంటే నవ్వరూ? దాచుకోను నాకంటూ ఒక పెట్టె కూడా లేదు. అందుకని ఉప్పులో పడేశాను. అందులో ఉంటే ఎవరూ అడగరు. రోజూ చేతికి తగులుతుంది.”

మాకు నోట మాట రాలేదు. అరువదియేండ్లు! పూటకు ఒకమారనుకొన్నను, ఎన్ని వేలమారులు ఆ చిప్ప ఆమె చేతికి తగిలియుండును! దానిని మేము బూడిదకుండ ప్రక్కన పడవేసితిమి. మూడు దినములు మాటలు మానినదుకు ముప్పదియారేండ్లు కథ చెప్పి నవ్వితిమి. ఆమె యెదుటనే నవ్వితిమి. నాటి రాత్రి మామగారి మీసముల చాటు నవ్వు అప్పుడు మాకు అర్థమైనది. కూరలో ఉప్పు సరిపోయినదని ఆయన చెప్పినది మాకు గాదు.

“ఆనాడే ఒక్క మాట చెప్పలేకపోయారా అత్తయ్యా?”

“ఏమని చెప్పేదే? నువ్వా కొత్తకోడలివి. నాకా సిగ్గు.”

మనుమరాలు ఇదంతయు వినుచు నిలుచున్నది. దాని కండ్లలో నీళ్లు తిరిగినవి. “సారీ తాతమ్మా, నేనే పగలగొట్టాను” అన్నది. ఆమె పిల్ల తల నిమిరి, “పగిలింది గాబట్టే నేను సముద్రం చూశానే. లేకపోతే జాడీలోనే చూసుకుంటూ పోయేదాన్ని” అనిరి.

మావారు ఇంతసేపును ఒకప్రక్క నిలిచి ఇసుకవంక చూచుచుండిరి. తండ్రిగారి మాట తన నోట వచ్చిన సంగతి ఆయనకును తగిలినదని మాకు తోచినది. వంగి, ఇసుకలో సగము పూడిన చిప్ప నొకదానిని పెకలించి, అలలో కడిగి, తల్లి చేతికి ఇవ్వబోయిరి. కొంచెము పెద్దది, అంచున ఒక గోధుమరంగు గీత.

అత్తగారు తీసికొనలేదు. “నాకెందుకురా? నాది నా దగ్గరుంది. దాని చేతిలో పెట్టు. ఇంకెప్పుడు పెడతావు, పంట వచ్చాకా?” అనిరి.

అరువదియేండ్లవాడు, మనుమరాలిని ఎత్తినవాడు, మిరపయార్డులో దలారులతో గొంతెత్తి బేరమాడువాడు, ఎర్రబారిన మొగముతో ఆ చిప్పను మా చేతిలో పెట్టెను. మేమును సిగ్గుపడితిమి. గంపముందరి ఆడమనిషి మాత్రము హాయిగ నవ్వినది.

సోదరీమణులారా! మన ఇండ్లలో ఉప్పుజాడిలోనో, పోపులపెట్టెలోనో, అటకమీది చెక్కపెట్టెలోనో ఇట్టి చిప్ప యొకటి యుండియే తీరును. విరిగిన దువ్వెనయైనను, చిల్లిపడిన గిన్నెయైనను గావచ్చును. పెద్దవారు దానిని పారవేయనీయరు, మనము చాదస్తమందుము. పారవేయుటకు ముందు దాని కథ నొకమారు అడుగుడు. అడిగినంతనే చెప్పరు, సిగ్గుపడుదురు. మరల అడుగుడు. మరియొక్క మాట. మీ యింటిలోనివారు ఎక్కడికైనను తీసికొని పొమ్మని అడిగిన యెడల, పంట వచ్చువరకు ఆగవలదు. పంటకు ప్రతియేడును తొలకరి వచ్చును. మనుష్యులకు వచ్చునో రాదో ఎవరు చెప్పగలరు?

ఇల్లు చేరితిమి. విరిగిన రెండు ముక్కలను అత్తగారు మామగారి పటము క్రింద పెట్టుకొనిరి. మరుదుల భయము ఇప్పుడు లేదు గదా! కొత్తచిప్ప ఉప్పుజాడిలో చేరినది. పాతదానికంటె అది కొంచెము పెద్దదని ముందే చెప్పితిమి. ఆ కొలత మాకింకను చేతికి రాలేదు. మొదటినాడు వంకాయకూరలో ఉప్పు ఎక్కువైనది. మనుమరాలు మొగము చిట్లించి నీళ్లు త్రాగినది. మావారు మాత్రము కంచమునుండి తలయెత్తి, మావంక చూచి, “సరిపోయిందిలే” అనిరి.

అత్తగారు తల తిప్పుకొని నవ్విరి.